తెల్లబడ్డ అద్దం

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

డాక్టరు అరుపుకు క్లబ్బు హాల్లో అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

అతను మనుషుల డాక్టరు కాదు, బొమ్మకార్ల డాక్టరు. బల్ల మీది గాడిలో రయ్యిన పరిగెత్తే ఆ అరచేతి కార్లు మలుపులో ఎగిరిపడి ప్లాస్టిక్ బాడీ పగిలితే, అతుకు కనబడకుండా అతికించడంలో అతన్ని మించినవాళ్లు ఆ క్లబ్బులో లేరు. ఆ సంగతి అందరికన్నా ఎక్కువసార్లు చెప్పేది కూడా అతనే.

ఆ ఉదయం పందెం ఉంది. ప్రాక్టీసులో అతని ఎర్రకారు పైకప్పు చీలింది. దాన్ని డబ్బాలో పెట్టి, టీ తాగొచ్చి అతికిద్దామని కిందికి వెళ్లాడు. తిరిగొచ్చి డబ్బా మూత తీస్తే, ఎవరో అప్పుడే అతికించేసి ఉన్నారు. జిగురు ముద్దలు కట్టింది. ముందు అద్దం పాలు పోసినట్టు తెల్లబడిపోయింది.

"ఈ జిగురు పెట్టి మూత వేస్తారా ఎవరైనా? ఆవిరంతా అద్దానికి పట్టేయదూ? మొదటిరోజే మా నాన్న నేర్పిన పాఠం ఇది!"

ఆ నాన్న పక్కనే కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. విద్యంతా కొడుక్కు నేర్పింది ఆయనే. ఈమధ్య చేతులు వణుకుతున్నాయని కొడుకు ఆయన్ని పనిముట్ల జోలికి రానివ్వడం లేదు. "మీరు చూస్తూ కూర్చోండి నాన్నా, చాలు" అని నవ్వుతూనే అనేవాడు.

"నేనేనండి."

మలుపు దగ్గర స్టూలు మీంచి కొత్తాయన లేచాడు.

కొన్నాళ్లుగా వస్తున్నాడు. సొంత కారు లేదు. గాడి తప్పి పడ్డ కార్లను తీసి మళ్లీ గాడిలో పెట్టడమే ఆయనకు ఆట.

డాక్టరుకు ఒళ్లు మండింది.

"మీరా! ఒక్క కారైనా ఉందా మీకు?"

"లేదండి. సాయం చేద్దామని..."

"అడక్కుండా ఒకరి వస్తువు పాడుచేయడాన్ని సాయం అనరండీ. చేతకాని పనులు చేయడం, పైగా నీతులు!"

పాపం, ఆయన నీతులేమీ చెప్పలేదు. కోపంలో డాక్టరు నోటికి అడ్డూ అదుపూ ఉండదు.

పెద్దాయన ఏదో అనబోయాడు.

"మీరు ఊరుకోండి నాన్నా. ఇలాంటివాళ్లను వెనకేసుకు రాకండి."

"తప్పు నాదేనండి. క్షమించండి," అన్నాడు కొత్తాయన.

"క్షమిస్తే అద్దం బాగుపడుతుందా? ఇక ఇటువైపు రాకండి."

కొత్తాయన స్టూలు గోడవైపు జరిపి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పందెం ఎర్రకారు లేకుండానే జరిగింది. పడ్డ కార్లు తీసిపెట్టే మనిషి లేక, ఎవరి కారు వెనక వాళ్లే పరిగెత్తారు.

మధ్యాహ్నం ఇంట్లో భోజనాల దగ్గర పెద్దాయన కోడల్ని చెంచా అడిగాడు.

"చేతికేమైంది మామయ్యా?"

"ఏం లేదమ్మా."

కోడలు వినలేదు. చెయ్యి పట్టుకుని చూసింది. బొటనవేలూ చూపుడువేలూ అతుక్కుపోయి ఉన్నాయి. చుట్టూ తెల్లటి పొర గట్టిపడి ఉంది.

అదేమిటో డాక్టరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నాన్నా... మీరా?"

"నువ్వొచ్చేసరికి సిద్ధంగా ఉంచుదామనుకున్నాన్రా. చెయ్యి నిలవలేదు. నీ అడుగుల చప్పుడు విని, కంగారులో మూత పెట్టేశాను."

డాక్టరుకు తల కొట్టేసినట్టయింది. నలుగురిలో తను అన్న ఒక్కో మాటా గుర్తొచ్చింది.  తింటున్న అన్నం వదిలేసి, చెయ్యి కడుక్కుని క్లబ్బుకు పరిగెత్తాడు.

హాలు తాళం వేసి ఉంది. కొత్తాయన గురించి అడిగితే కింద టీకొట్టాయన చెప్పాడు.

"ఆయనా? ఈ ఊళ్లో వచ్చిన పని అయిపోయిందట. పందెం చూసి వెళ్దామని ఆగాడు. ఇందాకే సామానుతో వెళ్లిపోయాడు."

"పేరేమిటి? ఫోన్ నంబరుందా?"

"నన్నడుగుతారేంటండీ? రోజూ కలిసి ఆడేది మీరు కదా!"

 డాక్టరు సిగ్గుతో తల దించుకుని ఇంటికొచ్చాడు.

గోరువెచ్చటి సబ్బునీళ్లలో తండ్రి చెయ్యి పెట్టి, నొప్పి పుట్టకుండా వేళ్లు విడదీయసాగాడు. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. తను ఆ చేతిని ఇలా పట్టుకుని ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు రాలేదు.

"ఆయన మీకు ముందే తెలుసా నాన్నా?"

"లేదురా."

"మరి మిమ్మల్ని కాపాడ్డానికి అన్ని మాటలు ఎందుకు పడ్డాడు?"

పెద్దాయన విడిపడ్డ వేళ్లను మెల్లగా ముడిచి చూసుకున్నాడు.

"నన్ను కాదురా కాపాడింది. నేను అతికించడం ఆయనొక్కడే చూశాడు. నువ్వు మెట్లెక్కుతుంటే గబగబా నా చెవిలో అన్నాడు... 'నన్ను తిడితే మీ అబ్బాయి సాయంత్రానికి మరిచిపోతాడండీ, మిమ్మల్ని తిడితే మాత్రం జన్మంతా మరిచిపోలేడు, అంచేత నేనే చేశానంటాను, మీరు మాట్లాడకండి' అని."