గోడగారు

పక్క వాటాలోంచి మళ్ళీ గోడ మీద దబదబా చప్పుడు.

టైలర్ మాస్టరు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. నీళ్ళలో మునిగి తేలినవాడిలా గాలి పీల్చుకున్నాడు.

"నా ఇంట్లో నేను గురక పెట్టుకోడానిక్కూడా ఈయన పర్మిషన్ కావాలా?" అని గొణిగి మళ్ళీ పడుకున్నాడు.

కాసేపటికి గురక మొదలైంది.

మాస్టరు భార్యకి ఆ గురక కొత్తేం కాదు. పెళ్ళయిన కొత్తలో ఏడుపొచ్చేది. ఇప్పుడు చెవి పక్కనుంచి లారీ వెళ్ళినా ఆమె నిద్ర చెడదు.

పక్క వాటాలోకి ఆ పెద్దాయన వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఒంటరివాడు. మాట్లాడితే సగం మాట గొంతులోనే ఉండిపోతుంది. మొగుడూ పెళ్ళాం కలిసి ఆయనకి గోడగారు అని పేరు పెట్టేశారు.

మాస్టరుకి పొద్దున్నే తల బండరాయిలా ఉండేది. కుట్టుమిషన్ ముందు కూర్చునే కునుకు తీసేవాడు. ఒకసారి సూది వేల్లో దిగింది. ఒకరి చొక్కాని ఇంకొకరి కొలతలకి కత్తిరించి, అడిగిన పాపానికి ఆ మనిషి మీదే విరుచుకుపడ్డాడు.

అంతా గోడగారి పుణ్యమే అన్నాడు. ఆయన రాకముందు నుంచీ ఈ తలనొప్పులు ఉన్నాయన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఒక ఉదయం గోడగారే వచ్చి తలుపు తట్టాడు.

"అమ్మా, మీవారి నిద్ర గురించి ఒక మాట..."

"దాన్ని చెడగొడుతున్నదే మీరు కదండీ," అంది ఆమె.

"అది కాదమ్మా. ఒకసారి డాక్టరుకి చూపిస్తే..."

"గురకకి డాక్టరేంటండీ, నలుగురూ నవ్విపోతారు."

తలుపు వేసేసింది.

ఆ సాయంత్రమే ఇల్లుగలావిడకి ఫిర్యాదు చేశారు. ఆవిడ గోడగారిని ఖాళీ చేయమంది. ఆయన సామాను సర్దుకున్నాడు.

వెళ్ళేరోజు సంచీ కింద పెట్టి, గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోయాడు. మాస్టరు తల ఎత్తకుండా, సూది కింద గుడ్డ కూడా లేకుండా మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు. ఆయన మెట్లు దిగిపోయేదాకా తొక్కుతూనే ఉన్నాడు.

ఇక గోడ చప్పుడు లేదు. ప్రాణం హాయిగా ఉందన్నాడు మాస్టరు.

తలనొప్పులు మాత్రం తగ్గలేదు. కొన్నాళ్ళకి, ఒక పొద్దున, మంచం మీంచి లేవబోతే కుడి చెయ్యి కదల్లేదు. మూతి ఒక పక్కకి వంకరపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నల్లో గురక కూడా ఉంది. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతుందని, ఆగిన ప్రతిసారీ ఒళ్ళు ఉలిక్కిపడి మళ్ళీ అందుకుంటుందని, ఏళ్ళ తరబడి అదే తంతు అయితే బీపీ పెరిగి గుండెకీ మెదడుకీ ముప్పు వస్తుందని చెప్పింది. పొద్దుటి తలనొప్పి, పగటి కునుకు, అయినదానికీ కానిదానికీ కోపం, అన్నీ దాని గుర్తులేనట. ముక్కుకి తగిలించుకుని పడుకునే చిన్న మిషన్ ఉందట. ముందే వస్తే ఇంతదాకా రాకపోయేదేమో అంది.

"ఊపిరి ఆగడం ఇంట్లో ఎవరూ గమనించలేదా?"



ఆ మధ్యాహ్నం మాస్టరు ఆసుపత్రి మంచం మీద నిద్రపోతుంటే, ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆమె మేలుకుని ఆ గురక విన్నది. పెరిగింది. ఇంకా పెరిగింది. టక్కున ఆగిపోయింది.

ఛాతీ కదలడం లేదు.

ఏం చేస్తున్నదీ తెలియకుండానే ఆమె పక్కనున్న ఇనప బీరువాని దబదబా బాదింది. ఆయన ఉలిక్కిపడి గాలి పీల్చుకున్నాడు.

గోడ మీద చప్పుడు గురక వచ్చినప్పుడు కాదు, ఆగినప్పుడు వచ్చేదని ఆమెకి అప్పుడు తెలిసింది.

ఇల్లుగలావిడని అడిగి అడ్రసు పట్టుకుని వెళ్ళింది. రోడ్డు వారగా ఒక్క గది. ఆమెని చూడగానే గోడగారు లేచి నిలబడ్డాడు.

"ఎలా ఉన్నాడమ్మా?"

ఆమె ఏడుస్తూనే అంతా చెప్పింది. క్షమించమంది.

"గోడ బాదడం వైద్యం కాదమ్మా. డాక్టరు దగ్గరికి పంపించాల్సింది. మీకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను," అన్నాడాయన.

కట్టుకున్న నేనే పట్టించుకోని సంగతి, మీ నిద్ర మానుకుని మరీ ఎందుకు విన్నారని అడిగింది ఆమె.

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"నా భార్యా ఇలాగే గురక పెట్టేదమ్మా. రోజూ విసుక్కునేవాణ్ణి. ఒక రాత్రి ఉన్నట్టుండి ఆగిపోతే, హమ్మయ్య అనుకుని, అటు తిరిగి హాయిగా నిద్రపోయాను."