పలక సారు ఎవరి మనిషి?

“వచ్చీ రాగానే మూడో అంతస్తుకే ఎందుకెక్కాడంటారు?” అంది కింది వాటా కుట్టుమిషన్ అక్క, సూదిలో దారం ఎక్కిస్తూ.

“అదే కదమ్మా నా లా పాయింటు!” అన్నాడు రెండో అంతస్తు బాబాయి. ఆయన కోర్టు గుమ్మం తొక్కి ఎరగడు. ప్రతి మాటకీ ఆ ముక్క తగిలిస్తాడు కనుక మేడంతా ఆయన్ని లాపాయింట్ అంటుంది. “అరగంట నుంచీ ముసలమ్మతో మంతనాలు. అమ్ముడుపోయాడు.”

“మెల్లిగా బాబాయి గారూ, గోడలకు చెవులుంటాయి.”

ఆ మేడకు లిఫ్టు రావాలి. పై అంతస్తు డ్రైవరు తల్లి మోకాలు విరిగి, రెండేళ్ళుగా వీధి మొహం చూడలేదు. లిఫ్టు ముందువైపు పెడితే అక్క కిటికీ మూసుకుపోతుంది. వెనకవైపు పెడితే లాపాయింట్ బాల్కనీ ఎగిరిపోతుంది. మూడు వాటాల సంతకాలూ ఉన్న కాగితం ఇవాళ సాయంత్రం ఐదులోగా మునిసిపల్ ఆఫీసుకు చేరకపోతే పర్మిషన్ రద్దు. నాలుగు మీటింగుల్లో మూడు కుర్చీలు విరిగాక, రాజీ కుదర్చమని ఆఫీసువాళ్ళు ఈ పెద్దమనిషిని పంపారు.

డ్రైవరు మొహం వేలాడేసుకుని మెట్లు దిగి వచ్చాడు. “మా అమ్మ మురిసిపోతోందక్కా. మోకాలి కథ మూడుసార్లు చెప్పినా ఆయన విసుక్కోలేదట. ‘కడుపున పుట్టి నువ్వు ఒక్కసారన్నా అలా విన్నావట్రా’ అని నాకు చీవాట్లు.”

అక్కా లాపాయింటూ మొహాలు చూసుకున్నారు.

ఆ వెనకే సంచీ పట్టుకుని పెద్దాయన దిగాడు. మెట్ల కింద కుర్చీ వేసుకుని, “పక్కన వద్దు, అందరూ నా ఎదురుగా కూర్చోండి,” అన్నాడు. ముగ్గురూ ఒక్కసారే అందుకున్నారు. పావుగంట పాటు ఎవరి గొంతు వాళ్ళది. ఆయన మాత్రం పండగ బొమ్మలు చూస్తున్నంత ఇష్టంగా అందరి మొహాలూ చూశాడు. వాళ్ళు అలిసిపోయాక సంచీలోంచి మూడు పలకలు తీశాడు.

“నోటిమాట చెల్లదు. ఎవరి బాధ వాళ్ళు చెప్పుకోవద్దు. ఎదుటివాళ్ళ బాధేమిటో మీరు రాయండి. వాళ్ళు చదివి, ‘ఔను, ఇదే నా బాధ’ అనుకుంటే కింద సంతకం పెడతారు.”

“రాయించుకుంటున్నాడంటే రేపు కోర్టులో చూపించడానికే,” గొణిగాడు లాపాయింట్.

“పలక మీది రాతకు కోర్టులో విలువేముంది?”

“ఫొటో తీస్తాడమ్మా, నీకు తెలీదు!”

అక్క ఉండబట్టలేక ముఖానే అడిగేసింది. “సారూ, ఇంతకీ మీరు ఎవరి మనిషి?”

“రాయండి,” అన్నాడాయన చల్లగా.

లాపాయింట్ రాశాడు: ‘ఆవిడ బాధ మొండితనం.’ అక్క చదివి, “ఇది మీ ఆవిడ చేత రాయిస్తే మీకు సరిపోద్ది,” అని అరచేత్తో తుడిచేసింది. మళ్ళీ రాశాడు: ‘నేనంటే కుళ్ళు.’ మళ్ళీ తుడిచింది. సుద్దపొడి పెరిగింది గాని సంతకం పడలేదు.

పెద్దాయన చేతులు కడుక్కోడానికి పంపు దగ్గరకు వెళ్తే, లాపాయింట్ పిల్లిలా వెనకే చేరాడు. “మా బావమరిది మీ ఆఫీసులోనే పెద్ద సీట్లో ఉన్నాడు సార్. కాస్త మా వైపు చూస్తే మీకూ మంచిది,” అన్నాడు గుసగుసగా. ఆయన తీరిగ్గా చేతులు తుడుచుకుని, వెనక్కైనా తిరగకుండా వెళ్ళిపోయాడు. దున్నపోతు మీద వాన!

‘అవతలివాళ్ళు ఇంతకన్నా పెద్ద ఆశే చూపించుంటారు,’ అని లాపాయింట్ ఖాయం చేసుకున్నాడు.

మూడింటికి, పై అంతస్తులో ముసలమ్మ చెయ్యి తగిలి ఇనప బకెట్టు మెట్ల మీంచి దొర్లుకుంటూ వచ్చింది. మేడ కూలిందనుకుని ముగ్గురూ ఎగిరి లేచారు. వాళ్ళకు ఎదురుగా, మెట్లకు వీపు పెట్టి కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు తుడుచుకోవడం ఆపలేదు.

“అది గుండె కాదు, బండరాయి,” అన్నాడు డ్రైవరు.

రాయడానికి ఇంకేమీ తోచక లాపాయింట్ ఆ రోజు మొదటిసారి అక్క గదిలోకి తొంగిచూశాడు. కుట్టుపని చూసుకోడానికి లోపలికెళ్ళిన ఆవిడ కిటికీకి ముక్కు ఆనించి, సూదిని కంటికి దగ్గరగా పెట్టుకుని దారంతో కుస్తీ పడుతోంది. ఆయన వచ్చి రాశాడు: ‘ఆ వెలుతురు పోతే సూదిలో దారం ఎక్కదు. దారం ఎక్కకపోతే పొయ్యి వెలగదు.’

అక్క రెండుసార్లు చదివింది. సంతకం పెట్టింది. తర్వాత తన పలక అందించింది: ‘పైకి లా పాయింట్లు చెబుతారు గాని, ఆయాసం. ఆ బాల్కనీలో కూర్చుంటేనే ఊపిరాడుతుంది.’

“నీకెవరు చెప్పారమ్మా?”

“మీ దగ్గు నా కిటికీలోకే దిగుతుంది బాబాయి గారూ.”

లాపాయింట్ సంతకం పెట్టాడు. డ్రైవరు కోసం ఇద్దరూ కలిసి ఒక్క పలకే రాశారు: ‘మీ అమ్మకు లిఫ్టు కాదు, వీధి కావాలి.’ అతను సంతకం పెడుతుంటే సుద్దముక్క విరిగింది.

“వెలుతురే కావాలంటే,” అన్నాడు లాపాయింట్ ఎటో చూస్తూ, “గేటు పక్క నా పాత సామాన్ల గదికి రెండు పక్కలా కిటికీలున్నాయి. మిషను అక్కడ వేసుకో. లిఫ్టు ముందువైపే రానీ.”

“మరి మీ సామాన్లు?”

“పెద్ద సీట్లో ఉన్నాడుగా, మా బావమరిది ఇంట్లో పడేస్తా.”

ఆ మాటే కాగితం మీద పెట్టి, నాలుగున్నరకు మూడు సంతకాలూ చేశారు. కాగితం తీసుకుని డ్రైవరు ఆఫీసుకు పరుగెత్తాడు. పెద్దాయన పలకలు సర్దుకుని, వెనక నుంచి అక్క “వెళ్ళొస్తారా సారూ” అంటున్నా పలక్కుండా వీధి దాటాడు.

“చూశారా, ఎంత పొగరో! అదిగో, ఎదురు రేడియో రిపేరు షాపులో దూరాడు. ఆ షాపువాడు డ్రైవరుకు ప్రాణస్నేహితుడు!”

“చేతిలో ఏదో పొట్లం పెడుతున్నాడు! నేను చెప్పలా? పద, రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందాం!”

ఇద్దరూ ఒగరుస్తూ షాపు మెట్లెక్కేసరికి ఆయన వీపు ఇటు పెట్టి నిలబడి, పొట్లం అప్పటికే విప్పేశాడు.

“ఎలా ఉంది సారూ, చెవికి సరిపోయిందా?” అడుగుతున్నాడు షాపువాడు.

“ఆఁ, పొద్దుటి నుంచీ నాకు వినపడిన మొదటి మాట ఇదే,” అన్నాడు పలక సారు.