ఆఖరి బుడగ

గొలుసు వేసిన తలుపు సందులోంచి పాత పుస్తకం ఒకటి లోపలికి జారింది.

"గిది నీకే బిడ్డా. ఎదురు కాంపౌండుల తెల్లోళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోతూ చెత్త డబ్బాల పడేసిన్రు," అంది మెట్ల మీది గొంతు.

అట్ట మీద ముసుగు వీరుడొకడు మేడ మీంచి మేడ మీదికి దూకుతున్నాడు.

కెజియాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

నరసాపురం పక్క పల్లె నుంచి సౌదీలోని అల్ ఖోబర్ వచ్చి రెండు నెలలు. అమ్మ ఆసుపత్రిలో నర్సు, పన్నెండు గంటల డ్యూటీ. బడిలో సీటు వచ్చే ఏడాదే అన్నారు.

అంతవరకూ ఆ పద్నాలుగేళ్ళ పిల్లకు మాట్లాడే తోడు లేదు. ఏసీ చప్పుడు వినడం, డైరీ రాసుకోవడం, ఊరి నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క బొమ్మల పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ తిరగెయ్యడం.

ఆ పుస్తకం 'నీలి పిడుగు'. బడి బీరువాలో చెదలు తినగా మిగిలింది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చిన పాతకాలపు వీరుడి కథ.

దానికి ఆఖరి పేజీ లేదు.

వరదలోంచి తనను ఒడ్డుకు చేర్చిన వీరుణ్ణి ఒక పాప "మళ్ళీ వస్తావా?" అని అడుగుతుంది. అక్కడితో సరి. ఆయన ఏమన్నాడో తెలియక కెజియా ఆరేళ్ళుగా కొట్టుమిట్టాడుతోంది.

పుస్తకాలు తెచ్చే మనిషి పేరు మల్లేశం. జగిత్యాల వైపు నుంచి వచ్చి ఆ బిల్డింగులో మెట్లు తుడుస్తాడు. మూడో అంతస్తు తుడవడం అయ్యాక అక్కడే కూలబడి కాసేపు అలుపు తీర్చుకుంటాడు.

ఆయన గుమ్మానికి అవతల, ఆమె ఇవతల. నడుమ గొలుసు. ఎవరొచ్చినా గొలుసు తియ్యొద్దన్న అమ్మ మాట అమ్మ మాటే.

"మీరూ చూడండి మావయ్యా, ఎంత బావుందో," అని ఒకసారి పుస్తకం సందులోంచి చాచింది.

"నాతోని గాదు బిడ్డా. నువ్వే సదివి చెప్పు."

పాపం, చదువు రాదు కాబోలు అనుకుంది.

అప్పట్నుంచి ఆమెకు పని దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ముందుమాటలు కూడా వదలకుండా చదివి ఆయనకు చెప్పేది. మొదట్లో ఈ వీరులకు ఎగరడం రాదట, దూకడమే వచ్చట. యుద్ధం రోజుల్లో పిల్లలు ఈ పుస్తకాలను చిత్తు కాగితాలకి ఇచ్చేశారట. తయారు చేసినవాళ్ళ పేర్లు కూడా చాలావాటిలో వేసేవారు కాదట, ఎవరో పట్టుబట్టి తర్వాత తవ్వి తీశారట.

ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. డైరీలో 'నీలి పిడుగు'కి ఒక పేజీ కేటాయించి, పేర్ల కోసం మూడు గీతలు గీసింది.

ఆయన తెచ్చిన ఆరో పుస్తకంలో అదృష్టం తన్నుకొచ్చింది. నీలి పిడుగు ఇంగ్లీషు కథ అల్లినవాడి పేరూ, బొమ్మలు వేసినవాడి పేరూ అందులో దొరికాయి. రెండూ రాసుకుంది.

మూడో గీత ఖాళీగానే ఉండిపోయింది. తెలుగు అక్షరాలు రాసినవారు ఎవరు?

మాటల బుడగల్లోని ఆ అక్షరాలు అచ్చువి కావు, చేత్తో రాసినవి. వాటిని చూసే ఆమె తన రాత దిద్దుకుంది. ఆఖరి పేజీ లేదన్న బాధతోపాటు ఈ ఖాళీ గీత సంగతీ మల్లేశానికి చెప్పుకుంది.

"ఆయన పేరెందుకు బిడ్డా నీకు?" అన్నాడు మల్లేశం.

"ఊళ్ళో అందరూ నా రాత బావుందంటారండి. అది ఆయనదే కదా. చెప్పొద్దూ మరి?"

మల్లేశం పిండిన గుడ్డనే మళ్ళీ బకెట్లో ముంచి పిండాడు.

మర్నాడు కెజియాకు మంచి ఆలోచన వచ్చింది. డైరీలోంచి కాగితం చింపి, చారెడంత 'అ' రాసి సందులోంచి అందించింది. రోజుకో అక్షరం నేర్చుకోమంది.

ఆయన ఆ కాగితాన్ని చెయ్యి బారుగా చాపి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగనే ఉన్నది. కొస ఇంకింత పైకి తిప్పాలె."

కెజియాకు నవ్వాగలేదు. అ ఆలు రాని మనిషి పంతులమ్మకే వంక పెడుతున్నాడు.

ఆయన కూడా నవ్వి, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత వారం రోజులు మెట్ల మీద బకెట్ చప్పుడు వినబడలేదు.

ఎనిమిదో రోజున వాచ్‌మన్ మౌలాలి తలుపు తట్టి, మడిచిన కాగితం ఒకటి అందించాడు.

"మల్లేశం ఇచ్చిపొమ్మన్నడమ్మా. ఫైనల్ ఎగ్జిట్ మీద, మళ్ల రాకుంట ఇంటికి పోయిండు. షుగరుతోని కండ్లు మసకలయినయి, పనికి పెట్టుకున్న కఫీల్ ఇంక వద్దన్నడు. పేపరు సదువుడు బందయి రెండేండ్లాయె పాపం."

కెజియా కాగితం మడత విప్పింది.

ఒక వైపు తను రాసిన 'అ'.

రెండో వైపు బొమ్మ లేని చదరపు గడి ఒకటి, అందులో మాటల బుడగ.

గీతలు వణికాయి. ఒక అక్షరం మీదికి ఇంకో అక్షరం ఎక్కింది.

'అక్కర్లేదు పాపా. ఇక దారి నీకు తెలుసు.'

మొదటి అక్షరం కొస పైకి తిరిగి ఉంది.

ఆమె పరుగున వెళ్ళి 'నీలి పిడుగు' తెచ్చి, ఆఖరి పేజీ ఉండాల్సిన చోట ఆ కాగితం ఆనించింది. వణుకు తప్ప, పాప అడిగిన ప్రశ్నా, ఈ జవాబూ ఒకే చేతి రాత.

తలుపు గొలుసు తీసింది. మెట్ల మీద ఎవరూ లేరు.

డైరీ తెరిచి, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న మూడో గీత మీద, ఇంటిపేరైనా తను అడగని ఆ మనిషి పేరును ఆయన రాతలోనే రాసింది, మల్లేశం అని.