చెయ్యి మారిన వాచీ

"ఈ సంకెల నా వల్ల కాదు," అంటూ పాంతెలిస్ ఎడమచేతి స్మార్ట్‌వాచీ ఊడబెరికి బల్ల మీద పడేశాడు. మణికట్టు చుట్టూ ఎర్రగా కందిపోయింది.

భార్య మారిగో పొయ్యి దగ్గర్నుంచి తిరిగైనా చూడలేదు. "తీసెయ్యవయ్యా, నాకేం. రోజుకి ఎనిమిది వేల అడుగులు నడవాలంది డాక్టరమ్మ. వాచీ ఆ లెక్క చూపిస్తే ఈస్టర్‌కి గొర్రెపిల్ల మాంసం. లేదంటే పండగపూట కూడా నీకు ఉడికించిన చిక్కుళ్ళే."

ఉపవాసాల్లో ఆలివ్ కాయలూ చిక్కుళ్ళూ తిని తిని పాంతెలిస్‌కి నాలుక చచ్చిపోయింది. ఇనపచువ్వకి గుచ్చి నిప్పుల మీద తిప్పే గొర్రెపిల్ల రోజూ కలలోకి వస్తోంది. వాచీ మళ్ళీ కట్టుకుని, దీవి రేవు పక్క కాఫీ కొట్టుకు పోయి కూలబడ్డాడు.

అక్కడ చిన్ననాటి నేస్తం ఫోతిస్ నడుం పట్టుకుని మూలుగుతున్నాడు. "పండగనాడు మరియమ్మ పటం కొండ మీది గుడికి మోసే వంతు ఈసారి నాదేనటరా. ఊళ్ళో నన్ను మించిన గట్టివాడు లేడంటాడు ఫాదర్. ఆ వెండి తొడుగు బరువు ఆయన మోస్తాడా ఏమన్నా?"

"నీ నడుం సరే, నా చెయ్యి చూడు."

ఫోతిస్ చూశాడు. చూసి, ఎందుకో నిటారుగా కూర్చున్నాడు. "పీక పిసికినట్టు బిగిస్తే కందదా మరి? ఒక కన్నం వదులు చెయ్యి. ఎముక మీద కాదురా, వేలెడు పైకి జరుపు. అసలు ఆ చేతికి కొన్నాళ్ళు సెలవిచ్చి, కుడిచేతికి పెట్టుకో."

పెట్టుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది. హాయిగా కాళ్ళు బారజాపి, ఊళ్ళో మగాళ్ళందరికీ ఉన్న అలవాటు చొప్పున జేబులోంచి పూసలదండ తీసి కుడిచేత్తో టకటకా తిప్పడం మొదలుపెట్టాడు. రెండో కాఫీ అయ్యేసరికి, చేతి ఊపునే నడక అనుకున్న వాచీ గుర్రుమంది. నాలుగు వేల అడుగులు, శభాష్ అంటోంది.

"కుర్చీలోంచి లేవకుండానే సగం దీవి చుట్టొచ్చావు కదరా," అన్నాడు ఫోతిస్. ఇద్దరూ కళ్ళనీళ్ళు కారేలా నవ్వారు.

ఆ సాయంత్రం మారిగో కళ్ళద్దాలు పెట్టుకుని లెక్క చూసి, మొగుడి బట్టతల మీద ముద్దు పెట్టింది. మర్నాడు రొట్టెల కొట్లో చెప్పింది. ఆ పైన ఊరంతా చెప్పింది. పాంతెలిస్ సిగ్గుపడాల్సింది పోయి, ఛాతీ విరుచుకు తిరిగాడు.

ఈస్టర్ రానే వచ్చింది. కరకరలాడే మొదటి ముక్క నోటి దాకా వెళ్ళిందో లేదో, గుమ్మంలో ఫాదర్ ఆర్సెనిస్.

"పళ్ళెం దించు పాంతెలిస్, పటం మోసేది నువ్వే. అన్నేసి వేల అడుగులు నడిచినా నీ గుండె నిద్రలో పసిపాపకి కొట్టుకున్నట్టు కొట్టుకుంటోందట. కొండల్లో తిరిగే గొర్రెలకాపరుల్లో కూడా అలాంటి గుండె చూడలేదంది నీ వాచీ లెక్కలు చూసిన డాక్టరమ్మ."

పాంతెలిస్ కొండకేసి చూశాడు. పళ్ళెంకేసి చూశాడు. నిజం చెబితే కొండ తప్పుతుంది, కానీ పళ్ళెం పోతుంది. పైగా మారిగో కళ్ళు గర్వంతో చెమ్మగిల్లాయి. నోరు మూసుకుని పటం ఎత్తుకున్నాడు.

సగం కొండ ఎక్కేసరికి నాలుక బయటపడింది. వాచీ నానా గోలా చేస్తోంది.

"ఫాదర్," అన్నాడు రొప్పుతూ, "నా పేరు మీకు చెప్పిందెవరు?"

"ఇంకెవరు, ఫోతిసే. ఆమధ్య నడుం పట్టుకుని వచ్చి, 'పాంతెలిస్ వాచీ ఇవాళే చెయ్యి మారింది ఫాదర్, పండగనాటికి ఊళ్ళో వాణ్ణి మించిన గట్టివాడు ఉండడు' అన్నాడు."