పానకాలరావు పాత బనియన్

చిరిగిపోయినంత మాత్రాన బనియన్‌ని పారేసే ఇల్లాలు కాదు విశాలాక్షి. వేసుకున్నవాడికి ఏ ఆపద వచ్చినా తమంతట తామే కబురు పెట్టే బనియన్లు ఊరంతా తొడుక్కునే రోజులొచ్చినా సరే, ఆ ఉదయం అలాంటిదే అయిన మొగుడి పాత బనియన్‌ని పర్రున రెండుగా చింపి, ఒక ముక్కని మసిగుడ్డగా, రెండోదాన్ని ఇల్లు తుడిచే గుడ్డగా పెట్టుకుంది.

మసిగుడ్డతో అన్నం గిన్నె దించిందో లేదో, అంబులెన్స్ వాళ్ళు స్ట్రెచర్‌తో మూడో అంతస్తుకి పరుగెత్తుకొచ్చారు.

"పానకాలరావు గారి ఒళ్ళు కాలిపోతోందట!"

"నేను బాగానే ఉన్నానయ్యా," అన్నాడు పానకాలరావు, ఇడ్లీ నములుతూ.

"బనియన్ అబద్ధం చెప్పదండీ," అంటూ ఆయన్ని పడుకోబెట్టి బెల్టులు బిగించేశారు.

విశాలాక్షి మసిగుడ్డ తెచ్చి చూపించి, "జ్వరం ఆయనకి కాదు నాయనా, గిన్నెకి!" అని మొత్తుకుంటే గాని వదల్లేదు.

వాళ్ళు వెళ్ళాక నేలంతా బూట్ల మట్టి. విశాలాక్షి సణుక్కుంటూ రెండో ముక్కని బకెట్లో నిండా ముంచి, తుడవడానికి కూర్చుంది.

సగం గది తుడిచేసరికి మళ్ళీ తలుపు చప్పుడు. తీసి చూస్తే, భుజాన తాళ్ళతో ఇద్దరు గజ ఈతగాళ్ళు.

"ధైర్యంగా ఉండండమ్మా. సారు ఏ బావిలో దూకారు?"