విసరకు, దించు

“విసరకు, గ్లెన్. బంతిని పైకి విసరకు. చేత్తో పట్టుకుని కాలిదాకా దించు.”

గ్లెన్ బుద్ధిగా తల ఊపాడు. మూడడుగులు వేసి, కోలగా ఉండే ఆ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌ను గాల్లోకి ఎగరేసి, కాలు ఝాడించాడు. బంతి మోకాలికి తగిలి తడిగడ్డిలో పక్కకు దొర్లిపోయింది.

“ఈసారి బాగా వచ్చింది కదన్నా?”

“పర్లేదు. ఇంకోసారి చేద్దాం.”

నోయెల్ ట్రెలోర్ వెళ్ళి బంతి తెచ్చాడు. సముద్రం మీంచి గాలి కోసేస్తోంది. శనివారం ఆట ముగిశాక ఆ మైదానానికి ఆదివారం పొద్దున వచ్చేవాళ్ళుండరు. వీళ్ళిద్దరూ, చెరిగిన సున్నపు గీతలు దిద్దే ముసలి మెర్వ్, గోల్ స్తంభాల పక్కన ఆగిన కారులో గ్లెన్ తల్లి లోర్నా. అంతే.

గ్లెన్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు. నిలువెత్తు మనిషి. చేతులే మాట వినవు. మూడేళ్ళుగా నోయెల్ చెయ్యని ప్రయత్నం లేదు. బంతి కొన ఎక్కడ తగలాలో తెలియడానికి అతని బూటు మీద సుద్దతో గీత గీశాడు. బంతిని నిటారుగా నేలకు వదలమని, అది తిన్నగా చేతుల్లోకి ఎగిరి వచ్చేదాకా వందలసార్లు చేయించాడు. ఒక ఆదివారం కాస్త దారికొచ్చినట్టుండేది. మళ్ళీ ఆదివారానికి అంతా తుడిచిపెట్టుకుపోయేది. మళ్ళీ మొదటినుంచీ. కుట్లు పైకి, వేళ్ళు విప్పి, మడమ బిగించి.

“ఏమోయ్ నోయెల్,” మెర్వ్ సున్నం బండి ఆపి అరిచాడు. “నిన్న మన జట్టుకి కావాల్సిన పద్దెనిమిది మంది దొరక్క, నాలాంటి ముసలాణ్ణి దిగమన్నారు తెలుసా? నువ్వేమో ఇక్కడ పొద్దు పుచ్చుతున్నావ్.”

“నేను ఆడనని చెప్పాగా మెర్వ్.”

“మూడేళ్ళయింది. ఇంక చాలించవయ్యా. నిన్నెవరైనా చెయ్యమన్నారా ఇది?”

నోయెల్ బంతికంటిన తడి తుడిచాడు. కారు అద్దం కిందికి దిగిన చప్పుడైంది. అతను ఉలిక్కిపడ్డాడు. ఈ మూడేళ్ళలో లోర్నా అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. కొడుకును దింపేది, స్వెట్టర్ అల్లుకుంటూ కూర్చునేది, ఎక్కించుకుని వెళ్ళిపోయేది.

“ఇదిగో, నిన్నే,” అంది. “ఇదే ఆఖరు. బుధవారం వీణ్ణి అడిలైడ్ తీసుకెళ్తున్నా. అక్కడో కేర్ హోమ్‌లో ఉంచుకుని చూసుకుంటారట.”

“ఎన్నాళ్ళండీ?”

“ఎన్నాళ్ళేంటి? ఇంకెప్పటికీ. పోయిన నెలలో రెండుసార్లు పొయ్యి వెలిగించి బయటికెళ్ళిపోయాడు. నేనొక్కదాన్ని ఎంతకని కాచుకోను?”

అద్దం పైకి లేచింది.

నోయెల్ చేతిలోని బంతిని తిప్పి కుట్లు పైకి పెట్టాడు. మూడేళ్ళు. ఒక్కటంటే ఒక్కటి, బంతి వెనక్కి గిరగిరా తిరుగుతూ తిన్నగా పోయిన తన్ను ఒక్కటి రాలేదు. ఇంక రాదు కూడా. గ్లెన్ దగ్గరకు వెళ్ళి అతని వెనక నిలబడ్డాడు. అతని కుడిచేతి మీద తన చెయ్యి వేశాడు.

“ఇలా పట్టుకో. ఇప్పుడు నాతోపాటే దించు. నడుం దాటింది... తొడ దాటింది... ఇప్పుడు వదులు. కాలివేళ్ళు అటు చూపించు.”

పది సార్లు. ఇరవై సార్లు. గ్లెన్ ఆయాసపడుతున్నాడు. నోయెల్ గొంతు బొంగురుపోయింది. ఎన్నోసారో అతనే చెయ్యి తీసేశాడు. ఓపిక అయిపోయి తీశాడు.

గ్లెన్ మూడడుగులు వేశాడు. చెయ్యి బంతిని కాలిదాకా దించింది.

ఠప్.

ఆ చప్పుడు వేరు. బంతి వెనక్కి తిరుగుతూ లేచి, గాలిని చీల్చుకుని, రెండు పెద్ద స్తంభాల మధ్య నుంచి కంచె దాటి బార్లీ చేలో పడింది. మెర్వ్ టోపీ తీశాడు. లోర్నా కారు దిగి వచ్చింది.

“ఆరేళ్ళప్పుడే షెడ్డు మీదుగా ఇలా తన్నేవాడు,” అంది, చేను వైపే చూస్తూ. “ఆ ఫైనల్లో తలకు దెబ్బ తగిలేదాకా వీడికి ఎవరూ ఏమీ నేర్పాల్సిన పని పడలేదు.”

“తెలుసండీ,” అన్నాడు నోయెల్.

గ్లెన్ వీళ్ళ వైపు తిరిగాడు. ఖాళీ చేతులు చూసుకున్నాడు.

“బంతేదన్నా? ఎవరు తన్నారు?”

“నువ్వే గ్లెన్. నువ్వే తన్నావ్.”

“నేనా?” అని నవ్వాడు. అంతలోనే ఆ సంగతే మర్చిపోయి చలికి చేతులు రుద్దుకున్నాడు. “నీ పేరేంటన్నావ్ అన్నా?”

“నోయెల్.”

“వచ్చే ఆదివారం కూడా వస్తావుగా?”

నోయెల్ తల ఊపాడు. బంతి కోసం కంచె వైపు నాలుగడుగులు వేశాడు. వెనక లోర్నా కొడుకును కారులో కూర్చోబెట్టి, బూట్లకంటిన బురద తుడుస్తోంది.

“మంచోడమ్మా ఆ అన్న,” అంటున్నాడు గ్లెన్. “ఎవరమ్మా?”

ప్రతివారం అడిగే మాటే. ప్రతివారం లోర్నా, “ఎవరో కోచ్‌లే, కాళ్ళు లోపల పెట్టు,” అనేది. నోయెల్ ఆ మాట కోసమే ఆగాడు. ఇవాళ ఆమె తుడవడం ఆపింది. తలెత్తి నోయెల్‌ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. అసలేమీ లేదు.

“ఆ దెబ్బ కొట్టినవాడు, నాన్నా.”