నల్ల కట్టె విమానాలు

మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుల ఇళ్ల వరుసలో ఆగి, హనుమండ్లు ముందుగా సంచీలోంచి ఒక చిలుకబొమ్మ తీశాడు. పిల్లలున్న ఇంటికి ఒట్టి చేతులతో పోవద్దని వాళ్ల అవ్వ నేర్పిన పద్ధతి. బొమ్మను పిల్ల చేతిలో పెట్టాకే అసలు సంగతి ఎత్తాడు.

"బావ మిల్ట్రీల నుంచి వచ్చినప్పుడు కట్టె విమానాలేమన్న తెచ్చిండా, రామవ్వక్కా? జానెడుంటయ్. నల్లగుంటయ్."

"ఆయన తెచ్చింది మీసాలొక్కటే తమ్మీ," అంది రామవ్వ.

హనుమండ్లు నవ్వుకుంటూ బస్సెక్కాడు.

వాళ్ల ఇంట్లో బి.ఏ. చదివింది అతనొక్కడే. నిర్మల్ బడిలో సారు. సెలవు దొరికితే చాలు, యుద్ధకాలంలో సిపాయిలకు ఫిరంగి పేల్చడం నేర్పిన పాత సామాను కోసం ఊళ్లు తిరిగేవాడు. ఇప్పటికి ఒక ఉత్తుత్తి కట్టె గుండూ, గురి చూసే ఇత్తడి గొట్టమూ దొరికాయి. ఆ గుండుతో మెట్‌పల్లిలో ఒకామె కారం దంచుతుంటే, కొత్త రోకలి కొనిచ్చి తెచ్చుకున్నాడు.

దొరకనివి విమానాలే. కావలసినవీ అవే.

అవి వాళ్ల బాపు మల్లన్న కోసం. జపానుతో యుద్ధమప్పుడు మల్లన్న కలకత్తాలో, విమానాలను కూల్చే ఫిరంగి దగ్గర పనిచేశాడు. శిక్షణలో కట్టె విమానాన్ని ఎత్తి చూపించి, మనదా దుష్మన్‌దా అని అడిగేవాళ్లట. రెప్ప కొట్టేలోగా చెప్పాలట. ఊళ్లో ఈ మాట ఒక్కరూ నమ్మలేదు. మల్లన్న మిల్ట్రీలో ఆలుగడ్డల పొట్టు తీసి వచ్చిండని ఎకసెక్కాలు. పక్కింటి ముత్తయ్యైతే కాకి ఎగిరినా, "జర చూడు మల్లన్నా, మనదేనా?" అనేవాడు.

ఆ విమానాలు తెచ్చి, ఊరందరి ముందు బాపుతో చెప్పించి, ఒక్కసారి ఆ నోళ్లు మూయించాలని కొడుకు పంతం. బాపు చూపు తగ్గుతోంది. తొందరపడాలి.

వెతుకులాట సంగతి నిర్మల్‌లో ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే ధర పెంచుతారని భయం. తన గది పక్కనే ఉండే బొమ్మల అంతయ్య దగ్గర చిలుకలు మాత్రం సంచీనిండా కొనేవాడు. అన్నీ రెక్కలు బార్లా చాపినవే.

"నీ చిలుకలకు కూసునుడు రాదా అంతన్నా?" అంటే అంతయ్య నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఆదివారం రెండు చిలుకలతో ఊరికి పోయాడు. అతని బిడ్డ బాలలక్ష్మి ఒకదాన్ని ఎత్తి పట్టుకుని వాకిట్లో ఉరికింది. మంచంలో ఉన్న మల్లన్న దిగ్గున లేచాడు.

"దుష్మన్‌ది. జపానోళ్లది. కొట్టున్రి."

ముత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. రెండో చిలుకను తీసి తనే గాల్లో ఊపాడు. "మరి గిదో?"

"గది మనది. ఇడిసిపెట్టు," అన్నాడు మల్లన్న, ఏమాత్రం తడుముకోకుండా.

వాడంతా నవ్వింది. హనుమండ్లుకు నవ్వు రాలేదు. చూపుతో పాటు బాపు మతి కూడా పోతోందని దిగులుపడ్డాడు. అసలైనవి దొరకకపోతే నకళ్లైనా సరే, ఇక ఆగేది లేదనుకున్నాడు.

తెల్లారి నిర్మల్‌లో బస్సు దిగి నేరుగా అంతయ్య ముందు కూర్చున్నాడు. కాగితం మీద విమానం గీసి, ఇలాంటివి చెక్కి ఇస్తావా అని అడిగాడు. ఎందుకో కూడా దాచకుండా చెప్పాడు.

అంతయ్య బొమ్మ చూడగానే గుర్తుపట్టాడు. యుద్ధమప్పుడు మిల్ట్రీవాళ్లు ఇవి తనతోనే చేయించారట. యుద్ధం ఆగిపోగానే మళ్లీ ఇటు రాలేదట. గోనెసంచులు చాలా ఏళ్లు అటక మీదే ఉండిపోయాయట.

హనుమండ్లు లేచి అటక వైపు చూశాడు. "అవన్నీ ఇప్పుడు యాడున్నయ్ అన్నా?"

"గా నల్లకట్టెలను ఎవడు కొంటడు సారూ, జర ముక్కు పెట్టి పచ్చరంగేస్తే, ఒక్కటి మిగలకుండ చిలుకలన్ని నువ్వే కొంటబోతివి గద."